నాన్నగారి పాత ఇంటికి కార్తికం లోపు దీపాల అలంకరణ, భద్రత పనులు: ఏది ముందు?

పెరటిమల్లె (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. తాడేపల్లిగూడెంలో మా అమ్మానాన్నలు ఉంటున్న ఇల్లు 1991లో కట్టింది. కింద మూడు గదులు, పైన ఒక గది, డాబా, ముందు ఇనుప గ్రిల్ ఉన్న వరండా. నాన్నగారికి 74, అమ్మకు 69. ఈ కార్తికానికి పిల్లలతో సహా అందరం అక్కడికే చేరుతున్నాం. ఇల్లంతా వెలుగులతో కళకళలాడాలని అమ్మ కోరిక. వరండా చుట్టూ దీపాల తోరణం, హాల్లో గోడ పై అంచున సన్నటి లైట్లు, తులసికోట దగ్గర ఏదైనా చిన్న అలంకరణ కావాలంటోంది.

నా దిగులు వేరు. నాన్నగారు రాత్రిపూట లేచి బాత్‌రూముకు వెళ్ళేటప్పుడు స్విచ్చు కోసం గోడ తడుముకుంటారు. డాబా మెట్లకు ఒక్కటే బల్బు, దాని స్విచ్చు కింద ఉంది. మెయిన్ బోర్డులో ఇప్పటికీ పింగాణీ ఫ్యూజులే. మొత్తం మీద పాతిక వేలు పెట్టగలను. గోడలు పెద్దగా పగలగొట్టకుండా అమ్మ కోరికా తీరాలి, నాన్నగారికీ భద్రత ఉండాలి. అనుభవం ఉన్నవారు ఏ పని ముందు చేయించాలో చెప్పండి.

తీగలమేస్త్రి (కాకినాడ)

పెరటిమల్లె గారూ, తోరణాల సంగతి తర్వాత చూద్దాం. ముందు మెయిన్ బోర్డు.

పింగాణీ ఫ్యూజు అయినా, దాని స్థానంలో వచ్చిన ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయి లైను ఆపే స్విచ్చు) అయినా కాపాడేది తీగనే. 16 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే అంతకు మించిన కరెంటు పారాలి. మనిషి గుండె లయ తప్పడానికి ఒక్క ఆంపియరులో పదో వంతు చాలు. తడి చేత్తో గ్రిల్ పట్టుకున్న మనిషి ఒంట్లోంచి అంత కరెంటు పోతున్నా ఎంసీబీ లెక్కలో అది ఇరవై మూడు వాట్ల బల్బు వెలిగినంతే. అది పడదు. పడాల్సిన అవసరం దానికి కనిపించదు.

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్ళిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని అది ఎప్పుడూ చూస్తూ ఉంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరిందంటే ఆ కొరత ఎవరి ఒంట్లోంచో, ఏ తడి గోడలోంచో నేలలోకి పోతోందన్నమాట. సెకనులో మూడో వంతు గడవకముందే మెయిన్ ఆపేస్తుంది. దుకాణంలో అడిగేటప్పుడు మూడు మాటలు గుర్తుపెట్టుకోండి: రెండు పోళ్ళది (ఫేజు, న్యూట్రల్ రెండింటినీ కోసేది), 40 ఆంపియర్లు, 30 మిల్లీ ఆంపియర్లు. 100, 300 మిల్లీ ఆంపియర్లవి కూడా అదే రూపంలో ఉంటాయి. అవి లీకేజీ వల్ల మంటలు పుట్టకుండా చూడటానికి పనికొస్తాయి, మనిషికి తగిలే షాకును ఆపడానికి చాలవు. ధర రెండు వేలకు అటూ ఇటూ ఉంటుంది.

దీనికీ హద్దులున్నాయి. ఓవర్‌లోడును ఇది పట్టించుకోదు కాబట్టి దీని వెనుక ఎంసీబీలు తప్పనిసరి. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే ఏ పరికరమూ కాపాడలేదు, లెక్క సరిపోతుంది కాబట్టి.

1991 నాటి ఇల్లంటున్నారు. అప్పట్లో చాలా ఇళ్ళకు అల్యూమినియం వైర్లు లాగారు. ఒక స్విచ్ బోర్డు విప్పించి చూడండి. తీగ వెండి రంగులో ఉండి, స్క్రూ దగ్గర పుల్లలా విరుగుతుంటే ఆ లైను మార్చాల్సిందే. లైట్లు, ఫ్యాన్లకు 1.5, ప్లగ్గులకు 2.5, గీజరుకు, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. ఐఎస్‌ఐ గుర్తు చూసి కొనండి. అలాగే ప్రతి మూడు రంధ్రాల ప్లగ్గు వెనుకా ఎర్త్ తీగ నిజంగా ఉందా అని చూడమనండి. పైన పెద్ద రంధ్రం కనిపిస్తుంది, వెనుక ఏమీ ఉండదు. పాత ఇళ్ళలో నేను తరచుగా చూసేది ఇదే.

హన్మకొండవాసి

మేస్త్రి గారూ, ఆర్‌సీసీబీ గురించి ఒక సందేహం. మా ఇంట్లో పోయినేడు పెట్టించాం. పెట్టిన రోజు నుంచీ పడుతూనే ఉంది. హాల్లో లైటు వేస్తే పడుతుంది, ఒక్కోసారి ఏమీ వేయకుండానే పడుతుంది. చివరికి వచ్చిన ఎలక్ట్రీషియన్ దాన్ని తప్పించి లైను నేరుగా కలిపేసి, మీ ఇంటికి ఇది సరిపడదని చెప్పి వెళ్ళాడు. మాకు ఇన్వర్టరు ఉంది. పాత ఇళ్ళకు ఇది నిజంగా పనికిరాదా?

తీగలమేస్త్రి (కాకినాడ)

పనికిరాకపోవడం ఉండదండీ. మీరు "ఇన్వర్టరు ఉంది" అనగానే సగం జవాబు దొరికింది.

మన ఇళ్ళలో ఇన్వర్టరు పెట్టేటప్పుడు ఫేజు తీగలను వేరు చేస్తారు గానీ న్యూట్రళ్ళను ఎవరూ వేరు చేయరు. ఇల్లంతటి న్యూట్రళ్ళూ ఒకే గుత్తిగా మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి జంక్షన్ బాక్సులో కుక్కేస్తారు. మామూలు రోజుల్లో దానితో ఇబ్బంది కనిపించదు. ఆర్‌సీసీబీని ఇంట్లో కొన్ని లైన్లకే పెట్టారనుకోండి. ఫేజు దాని గుండా వెళ్తుంది, తిరిగొచ్చే కరెంటు ఆ గుత్తిలో దారి వెతుక్కుని ఇంకో న్యూట్రల్ మీదుగా బయటికి పోతుంది. లెక్క తప్పింది కాబట్టి పడిపోతుంది. అది తన పని తాను సరిగ్గా చేస్తోంది.

చేయాల్సింది ఇది. మీటరు నుంచి వచ్చే రెండు తీగలూ ముందు ఆర్‌సీసీబీలోకి వెళ్ళాలి. అక్కడి నుంచే ఇన్వర్టరుకు, మిగతా లైన్లకు చీలాలి. దాన్ని దాటి ఒక్క న్యూట్రల్ కూడా దొంగదారిన పోకూడదు. కరెంటు పోయి ఇన్వర్టరు నడుస్తున్నప్పుడు మాత్రం మెయిన్ వైపున్న ఆర్‌సీసీబీ ఆ లైన్లను ఆపలేదు. కాబట్టి ఇన్వర్టరు అవుట్‌పుట్ మీద ఇంకొకటి పెట్టి, ఆ లైన్ల న్యూట్రళ్ళకు వేరే బస్‌బార్ (తీగలన్నీ బిగించే లోహపు పట్టీ) ఇవ్వాలి. సగం రోజు పని.

ఏమీ వేయకుండానే పడుతోందంటే ఇంకో కారణం కూడా ఉండొచ్చు. ఎక్కడో న్యూట్రల్ తీగ ఎర్త్‌కు తగులుతోంది. ఎంసీబీలన్నీ దించి ఒక్కొక్కటే ఎత్తుతూ వెతుకుతారు చాలామంది. ఇళ్ళలో ఉండే సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజును మాత్రమే కోస్తుంది, న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది, కాబట్టి ఆ పద్ధతిలో ఈ లోపం దొరకదు. మెయిన్ ఆపి, న్యూట్రళ్ళను బస్‌బార్ నుంచి ఒక్కొక్కటే విప్పి మెగ్గర్‌తో (తీగ పైపొర లీకేజీని కొలిచే పరికరం) చూడాలి. ఓపిక లేని పనివాడు ఇక్కడే "సరిపడదు" అని చెప్పి వెళ్ళిపోతాడు. మీ ఇంట్లో ఉన్న లోపాన్ని ఆ పరికరం రోజూ చెబుతుంటే దాన్నే తీసేశారు. దయచేసి మళ్ళీ పెట్టించండి.

వెలుగునీడ (విజయవాడ)

నేను ఇళ్ళ లోపలి అలంకరణ పని చేస్తాను. మేస్త్రి గారి మాట అయ్యాక నా మాట. హాలు గురించి చెబుతాను, అమ్మగారికి ముందు కనిపించేది అదే కాబట్టి.

నాలుగు గోడలకూ లైటు పట్టీ వేయకండి. ఖర్చు అలా ఉంచండి, అన్ని వైపుల నుంచీ వెలుగు పడితే గదికి లోతు పోతుంది. పధ్నాలుగు అడుగుల గోడ ఒకటి ఎంచుకోండి. దేవుడి పటాలో, పాత ఫోటోలో ఉన్న గోడ అయితే మరీ మంచిది. సీలింగుకు నాలుగైదు అంగుళాల కింద సన్నటి చెక్క పట్టీ కొట్టించి, దాని వెనుక అల్యూమినియం ఛానెల్‌లో 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్ పెట్టించండి. ఛానెల్‌కు పాల రంగు మూత ఉండాలి. లేకపోతే నున్నటి గచ్చులోనూ టీవీ అద్దంలోనూ చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. ఆ అల్యూమినియమే స్ట్రిప్ వేడిని లాగేస్తుంది. ఉట్టి గోడకు అతికించినవి ఏడాది తిరక్కుండానే మసకబారడానికీ, ఊడి వేలాడటానికీ కారణం ఆ వేడే.

లెక్క చెబుతాను. పధ్నాలుగు అడుగులంటే దాదాపు 4.3 మీటర్లు. మీటరుకు 9.6 వాట్ల స్ట్రిప్ అయితే మొత్తం 41 వాట్లు, 12 వోల్టుల దగ్గర మూడున్నర ఆంపియర్లు. అడాప్టరు సరిగ్గా అంతే సామర్థ్యం ఉన్నది కొంటే అది ఎప్పుడూ కాలుతూనే ఉంటుంది. 5 ఆంపియర్లది కొనండి. మీటరుకు 14.4 వాట్ల రకం అయితే అయిదు మీటర్లకే 72 వాట్లు, ఆరు ఆంపియర్లు అవుతుంది. దానికి కూడా అదే 5 ఆంపియర్ల అడాప్టరు చేతిలో పెట్టే దుకాణాలున్నాయి. అయిదు మీటర్లు దాటితే ఒకదాని తోకకు ఇంకోటి కలపకండి, చివర వెలుగు నీరసపడుతుంది. అడాప్టరు నుంచి రెండో ముక్కకు వేరే తీగ లాగాలి. అడాప్టరును చెక్క వెనుక మూసేయకుండా అటక మీద గాలి తగిలే చోట పెట్టించండి.

రంగు విషయంలో నేను మొండిదాన్ని. 3000 కెల్విన్, అంటే వార్మ్ వైట్. 6500 కెల్విన్ తెల్ల లైటు కింద ఇత్తడి కుందులు నీలంగా, పసుపు రాసిన గడప పాలిపోయి కనిపిస్తుంది. పండుగ ఇంటికి అది అన్యాయం. వంటగదికి మాత్రం 4000 బాగుంటుంది, కత్తిపీట దగ్గర చేయి స్పష్టంగా కనిపించాలి. పూజగదికి సీఆర్‌ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే కొలత) 90 ఉన్న బల్బు అడిగి తీసుకోండి. కుంకుమ ఎరుపు కుంకుమలాగే కనిపిస్తుంది.

గ్రిల్‌గుమ్మం (నెల్లూరు)

స్ట్రిప్పులో 230 వోల్టులవి కూడా ఉంటాయి కదా? యాభై మీటర్ల చుట్ట చవకగా దొరుకుతోంది. అడాప్టరు గొడవ లేదు, నేరుగా ప్లగ్గులో పెట్టుకోవచ్చంటున్నారు.

తీగలమేస్త్రి (కాకినాడ)

ఉంటాయి. ఇంటి లోపల, పిల్లల చేతికి అందే చోట వద్దు. దాని ప్లగ్గులో ఉండేది ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరు మాత్రమే, వోల్టేజీని తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు కాదు. స్ట్రిప్ పొడవునా మెయిన్ కరెంటే ఉంటుంది, శిఖర స్థాయిలో 325 వోల్టుల దాకా. కత్తిరించిన కొసకు ఇచ్చే ప్లాస్టిక్ టోపీ ఊడిపోతే రెండు రాగి మొనలు బయటికి వస్తాయి. దీపావళి సీరియల్ సెట్లలో నాలుగు రకాల మిణుకులు మార్చే చిన్న పెట్టె ఉంటుంది చూడండి, దానిలోనూ అంతే. బల్బు బుడ్డిదే, తీగ సన్నదే, లోపల ఉన్నది మాత్రం ఇంటి కరెంటు.

సీమలైన్‌మన్ (కడప)

విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా చేసి విరమించినవాణ్ని. "వరండాకు ఇనుప గ్రిల్, దాని చుట్టూ తోరణం" అని చదివాక ఊరుకోలేక రాస్తున్నాను.

అమ్మా, ఆ గ్రిల్‌కు సీరియల్ సెట్టు కట్టొద్దు. గ్రిల్ పట్టీల అంచులు పదునుగా ఉంటాయి. గాలికి తీగ ఊగుతూ ఆ అంచుకు రాసుకుంటుంది. పై పొర తెగడానికి ఒక వారం చాలు. ఆ మీద ఒక వాన. ఇనుము అంతటా కరెంటు పాకి ఉంటుంది, కంటికి ఏమీ కనిపించదు. తెల్లవారి ముగ్గు వేయడానికి తడి కాళ్ళతో వచ్చిన ఆడమనిషి గ్రిల్ తలుపు పట్టుకుంటుంది.

బట్టలారేసే దండెం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మీ ఇంట్లో దండెం ఇనుప తీగదైతే ఈ రోజే విప్పేయండి. ఒక కొస గ్రిల్‌కో, రేకుల షెడ్డు గొట్టానికో, ఇంకో కొస సర్వీసు వైరు దిగే గొట్టానికో కట్టి ఉంటుంది. సర్వీసు వైరు పైపొర ఎండకు పగిలి ఉంటుంది. వానాకాలంలో మన రెండు రాష్ట్రాల్లోనూ పేపర్లో ఈ వార్త చూడని ఏడాది లేదు. తడి చీర ఆరేస్తూ ఒకరు అంటుకుపోతారు, లాగబోయి రెండో మనిషి, వాళ్ళను చూసి పరుగెత్తుకొచ్చి మూడో మనిషి. ఒకే ఇంట్లో మనుషులు. నైలాన్ తాడు ఖరీదు వంద రూపాయలు ఉండదు. ఎవరికైనా కరెంటు తగిలితే చేత్తో ముట్టుకోకండి. ముందు మెయిన్ దించాలి. అది అందకపోతే ఎండిన కర్రతోనో, ప్లాస్టిక్ కుర్చీతోనో నెట్టాలి. ఈ మాట ఇంట్లో పిల్లలకు కూడా చెప్పి ఉంచండి.

సర్వీసు వైరు కొమ్మలకు తగులుతున్నా, గోడకు ఒరుసుకుంటున్నా 1912కు ఫోను చేయండి. మీటరు వరకు పని శాఖ వాళ్ళది, మీరు నిచ్చెన వేసుకుని ఎక్కాల్సింది కాదు.

కోస్తావెన్నెల (భీమవరం)

పెద్దలు చెప్పిందంతా నిజమే. అయినా ఒక మాట. మా వీధిలో కార్తికమంతా ప్రతి డాబా మీదా సీరియల్ సెట్లు వెలుగుతాయి. అదే మా పండుగ కళ. డాబా మొత్తం 12 వోల్టులతో వెలిగించాలంటే మధ్యతరగతి ఇంటికి కుదిరే పని కాదు. వద్దు వద్దు అంటే జనం వినరు, పాత పద్ధతిలోనే కట్టేస్తారు. ఎలా కడితే ప్రమాదం తగ్గుతుందో చెప్పండి, అది చాలామందికి ఉపయోగం.

సీమలైన్‌మన్ (కడప)

న్యాయమైన మాట. వద్దంటే ఆగే పండుగ కాదిది.

అయితే ఇలా చేయండి. పాత సెట్లు ముందు పగటి వెలుతురులో మూర మూరకూ వేళ్ళతో తడిమి చూడండి, ప్లగ్గులో పెట్టకుండా. పైపొర గట్టిపడి పెళుసెక్కితే, టేపు చుట్లు కనిపిస్తే పారేయండి. డాబా పిట్టగోడ మీద వెదురు కర్రలు నిలబెట్టి, నైలాన్ తాడు కట్టి, ఆ తాడుకు సెట్లు కట్టండి. ఇనుముకు ఎక్కడా తగలకూడదు. మనిషి చేయెత్తినా అందనంత ఎత్తులో ఉండాలి. మిణుకుల పెట్టె, ప్లగ్గు ఇంటి లోపలే ఉండాలి. తీగను కిటికీ రెక్క కింద నలగనివ్వకండి. సెట్టు వెనుక సెట్టు కలుపుకుంటూ పోతే మొదటి సెట్టు సన్నటి తీగ మీదే భారమంతా పడుతుంది, అట్ట మీద రాసినన్ని మాత్రమే కలపాలి. అన్నిటి కంటే ముఖ్యం, ఆ ప్లగ్గు ఆర్‌సీసీబీ ఉన్న లైను మీద ఉండాలి.

కోస్తాలో ఇది తుపాన్ల కాలం కూడా. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న, దీపావళికి పదకొండు రోజుల ముందు. వాతావరణ హెచ్చరిక రాగానే బయటి లైట్లన్నీ ఒకే ప్లగ్గు పీకితే ఆరిపోయేలా ముందే అమర్చుకోండి.

ఫ్రిస్కోతెలుగు (టెక్సస్)

ఇక్కడి సంగతి ఒకటి. అమెరికాలో బాత్‌రూము ప్లగ్గులకు, ఇంటి బయటి ప్లగ్గులకు ఆర్‌సీసీబీ లాంటి రక్షణ 1970ల నాటి విద్యుత్ కోడ్‌ల నుంచే ఉంది, తర్వాత వంటింటికీ వచ్చింది. దాన్ని జీఎఫ్‌సీఐ అంటారు, అయిదు మిల్లీ ఆంపియర్ల దగ్గరే ఆపేస్తుంది. ప్లగ్గు ముఖం మీదే చిన్న టెస్టు మీట ఉంటుంది. మా పిల్లలకు కూడా దాన్ని నొక్కి చూడటం తెలుసు. మన దగ్గర 230 వోల్టులు. ఇక్కడి 120 వోల్టుల కంటే షాకు తీవ్రత ఎక్కువ. అక్కడ ఇంకా ఎక్కువ అవసరం.

పనిలో పనిగా ఒక విన్నపం. పండుగకు వచ్చేటప్పుడు ఇక్కడి దుకాణాల్లో అందంగా ఉన్నాయని లైట్ల తోరణాలు సూట్‌కేసులో పెట్టుకొస్తుంటారు. అవి 120 వోల్టులవి. అక్కడ ప్లగ్గు మార్చి పెడితే కాలిపోతాయి, ఒక్కోసారి మంట కూడా వస్తుంది. అడాప్టరు మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటేనే తీసుకెళ్ళండి.

నడకనేస్తం (విశాఖపట్నం)

నేను ఫిజియోథెరపిస్టును. తుంటి ఎముక విరిగి నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళలో ఎక్కువమంది పడింది వీధిలో కాదు, తమ పడకగదికీ బాత్‌రూముకీ మధ్య. నాన్నగారి గురించి మీరు రాసిన వాక్యం, గోడ తడుముకుంటారన్నది, నాకు అన్నిటికంటే ముందు చూడాల్సిన విషయంగా అనిపించింది.

అరవై దాటిన కంటికి ఇరవై ఏళ్ళ కంటి కంటే రెండు మూడింతల వెలుతురు కావాలి. అదే సమయంలో చీకట్లోంచి హఠాత్తుగా పెద్ద లైటు పడితే కాసేపు ఏమీ కనిపించదు. అందుకని రాత్రికి కావాల్సింది తక్కువ వెలుగు, కిందుగా, దారి పొడవునా. మంచం పక్కన ఒకటి, నడవలో ఒకటి, బాత్‌రూము గుమ్మం దగ్గర ఒకటి. అర వాటు రాత్రి దీపాలు మోకాలి ఎత్తులోని ప్లగ్గుల్లో పెట్టండి. రాత్రికి పది గంటలు వెలిగినా ఒక్కోటి ఏడాదికి రెండు యూనిట్లు కూడా కాల్చదు. పసుపు వెలుగువే తీసుకోండి, నీలం తెలుపు నిద్ర చెడగొడుతుంది.

కదలికను పసిగట్టి వెలిగే సెన్సరు లైట్లు నడవకు, మెట్లకు చాలా మంచివి. బాత్‌రూములో మాత్రం వాటినొక్కదాన్నే నమ్ముకోకండి. పెద్దవాళ్ళు లోపల కదలకుండా కూర్చుంటారు, సెన్సరు ఎవరూ లేరనుకుని ఆరిపోతుంది. ఆ చీకట్లో కంగారుగా లేవబోయి పడతారు. అక్కడ రాత్రంతా చిన్న దీపం వెలుగుతూ ఉండటమే మేలు.

పట్టుకునే కమ్మీ కమోడు పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి. నేలకు 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో స్టీలుది, యాంకర్ ఫాస్టెనర్లతో గోడకు బిగించాలి. గాలి పీల్చి అతుక్కునే రబ్బరు కప్పుల కమ్మీలు వద్దు. మనిషి బరువంతా పడిన క్షణానే అవి ఊడతాయి. గోడకు రంధ్రం చేసేముందు నీటి పైపు, కరెంటు పైపు ఎటు పోతున్నాయో చూడాలి. స్విచ్ బోర్డుకు నిట్టనిలువుగా పైన ఎక్కడా డ్రిల్ పెట్టనివ్వకండి.

డాబా మెట్లకు ప్రతి మెట్టు అంచునా రెండంగుళాల వెడల్పున తెల్ల రంగు వేయించండి. దిగేటప్పుడు మెట్టు ఎక్కడ ముగుస్తుందో కంటికి తెలియాలి. ఖర్చు అతి తక్కువ, ఫలితం చాలా ఎక్కువ.

పెరటిమల్లె (హైదరాబాద్)

అందరికీ కృతజ్ఞతలు. వారాంతంలో ఊరు వెళ్ళి పని మొదలుపెట్టించాం. ఏం తేలిందో రాస్తున్నాను, పాత ఇల్లున్నవారికి పనికొస్తుంది.

కింద గదుల్లో రాగి వైరే ఉంది. పై గదికి మాత్రం అల్యూమినియం. స్విచ్చు విప్పగానే మేస్త్రి గారు చెప్పినట్టే తీగ విరిగి చేతిలోకి వచ్చింది. గీజరు ప్లగ్గు వెనుక ఎర్త్ తీగ అసలు లేదు. అమ్మ ఇన్నేళ్ళుగా "నీళ్ళు ముట్టుకుంటే చిమచిమలాడుతోంది" అంటుంటే చలికాలం కదా అని అందరం సరిపెట్టుకున్నాం.

పింగాణీ ఫ్యూజులు తీసి ఎంసీబీలు, ముందు ఆర్‌సీసీబీ పెట్టారు. పెట్టిన గంటలోనే పడింది. ఎలక్ట్రీషియన్‌కు మేస్త్రి గారు రాసింది చదివి వినిపించాను. ఆయన విసుక్కోకుండా న్యూట్రళ్ళు విప్పుతూ వెతికి, పెరట్లో సంపు మోటారు తీగ దగ్గర ఆగారు. మందార చెట్టు మొదట్లో మట్టిలో సగం పూడిన ఒక అతుకు. టేపు చుట్లు విప్పితే లోపల తీగ పచ్చగా చిలుమెక్కి, చెమ్మగా ఉంది. నాన్నగారు రోజూ చెప్పుల్లేకుండా నిలబడి మొక్కలకు నీళ్ళు పోసేది సరిగ్గా అక్కడే. ఆ అతుకు తీసేసి, అతుకు లేని కొత్త తీగను గొట్టంలో వేసి లాగారు. ఆ తర్వాత ఒక్కసారి కూడా పడలేదు.

దండెం మార్చాం. సర్వీసు గొట్టానికే కట్టి ఉంది. సీమ అన్నగారూ, మీకు చేతులెత్తి నమస్కారం.

బోర్డు, పై గది వైర్లు, ఎర్త్, మోటారు తీగ, కూలీతో కలిపి పదహారు వేలు దాటింది. కమ్మీలు, రాత్రి దీపాలకు మరో రెండున్నర వేలు. మిగిలిన ఆరు వేలలో హాలు, వరండా, తులసికోట, మెట్లు. అన్నీ కుదురుతాయా?

చిట్టిదీపం (కరీంనగర్)

మధ్యలో ఒక ప్రశ్న, క్షమించండి. మా హాల్లో ఎల్‌ఈడీ బల్బు స్విచ్చు ఆపాక కూడా రాత్రంతా సన్నగా వెలుగుతూ ఉంటుంది. ప్రమాదమా?

తీగలమేస్త్రి (కాకినాడ)

రెండు కారణాలుంటాయి. స్విచ్చులో ఎర్రటి ఇండికేటరు ఉంటే దాని గుండా పోయే కొద్దిపాటి కరెంటుకే ఎల్‌ఈడీ మినుకుతుంది. అది ప్రమాదం కాదు. ఇండికేటరు లేకపోతే స్విచ్చును న్యూట్రల్ మీద కలిపి ఉండొచ్చు. అది ప్రమాదమే, ఎందుకంటే స్విచ్చు ఆపినా హోల్డరులో ఫేజు సజీవంగా ఉంటుంది, బల్బు మార్చబోయినవాళ్ళకు తగులుతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి స్విచ్చు ఆపి ఉంచి హోల్డరులో టెస్టరుతో చూడమనండి. వెలిగితే తీగలు తారుమారు చేయించాలి. అప్పటిదాకా బల్బు మార్చాలంటే మెయిన్ దించాకే.

పెరటిమల్లె గారూ, ఆ అతుకు గురించి చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆర్‌సీసీబీ మీద "టి" అని రాసిన బొత్తాం ఉంటుంది. నెలకొకసారి నాన్నగారి చేత నొక్కించండి. నొక్కగానే పడాలి. పడకపోతే అదే రోజు మార్పించాలి. ఎండాకాలంలో ఎర్త్ గుంటలో అప్పుడప్పుడు బిందెడు నీళ్ళు పోయమని కూడా చెప్పండి.

వెలుగునీడ (విజయవాడ)

ఆరు వేలలో కుదురుతుందండీ. ఎలాగో చూడండి.

హాలు గోడ ఒక్కటి, స్ట్రిప్, ఛానెల్, మంచి అడాప్టరు, చెక్క పట్టీతో కలిపి మూడు వేల లోపు. మెట్లకు కింద ఒకటి పైన ఒకటి టూ వే స్విచ్చులు (ఎటు నుంచైనా వేసి ఆపగలిగేవి), సెన్సరు ఉన్న బల్బు ఒకటి, అంచులకు రంగు, ఇదంతా పదిహేను వందలు. వరండాలో గ్రిల్ జోలికి వెళ్ళకుండా, లోపలి వైపు గోడకు తలుపు పైన తోరణం కట్టే చోట కొక్కేలుంటాయి కదా, మామిడాకుల వెనుక నుంచి 5 వోల్టుల అడాప్టరుతో నడిచే సన్నటి రాగి తీగ దీపాలు వేయండి. ఆకుల సందుల్లోంచి వెలుగు చుక్కలు మాత్రమే కనిపిస్తాయి, తీగ కనిపించదు. వసారాలో అంతకంటే ఏమీ అక్కర్లేదు.

తులసికోటకు నేనైతే కరెంటు తీసుకెళ్ళను. కోట చుట్టూ ప్రమిదలే ఉండనివ్వండి. కాకపోతే ప్రమిదలను ఇసుక పోసిన ఇత్తడి పళ్ళెంలో పెట్టండి, చీర కొంగులు, పిల్లల గౌనులు తగలని ఎత్తులో. దానికి రెండడుగుల వెనుక, గోడ మొదట్లో, 12 వోల్టుల, నీళ్ళు చొరబడని ఐపీ67 రకం చిన్న లైటు ఒకటి గోడ వైపు తిప్పి పెట్టి, అడాప్టరు ఇంట్లో ఉంచండి. వెలుగు పడిన గోడ ముందు కోట ఆకారం నల్లగా నిలుస్తుంది, ముందు దీపాలు కదులుతుంటాయి. వానొస్తే ఆ లైటు ఆర్పక్కర్లేదు. మీ ఇంటి గోడ ఏ రంగుదో చెప్పండి, లేత పసుపు అయితే 2700 కెల్విన్, తెలుపు అయితే 3000 చాలు.